శివారులో కిరాయి ఇల్లు: అడ్వాన్సు ఇచ్చేలోపు చూసుకోవాల్సినవి

పదిహేనేళ్లలో ఏడు ఇళ్లు మారాం. మొదటి నాలుగు హైదరాబాద్ సిటీలోపల, తర్వాతి మూడు శివార్లలో. ఇప్పుడు ఉంటున్నది ఘట్‌కేసర్ దగ్గర ఒక కాలనీలో, మొదటి అంతస్తు, రెండు బెడ్‌రూములు. ఈ మూడు శివారు ఇళ్లలో మమ్మల్ని ఇబ్బంది పెట్టినవి గదుల సైజు, వంటింటి అరలు కావు. ఒకచోట నీళ్లు, ఒకచోట దారి, ఒకచోట ఓనరు. గోడలు, టైల్స్, బాల్కనీ చూసి మురిసిపోయి అడ్వాన్సు చేతిలో పెట్టి, ఆ తర్వాత ఏప్రిల్‌లో బకెట్లు పట్టుకుని కిందికీ పైకీ తిరిగిన కుటుంబాలను చాలా చూశాను. మాది కూడా అందులో ఒకటి. ఇప్పుడు ఇల్లు వెతుకుతున్న మీకు ఆ అవస్థ రాకూడదనే ఇదంతా వరుసగా రాస్తున్నాను.

ముందు దారి లెక్క వేయండి

ఇల్లు వెతకడం కంటే ముందు, మీ పని ఎటువైపో ఆ వైపు శివారు ఎంచుకోండి. ఉప్పల్, సికింద్రాబాద్, పోచారం వైపు ఉద్యోగమైతే నారపల్లి, ఘట్‌కేసర్. కొంపల్లి, సుచిత్ర వైపైతే మేడ్చల్. పటాన్‌చెరు పరిశ్రమల్లో అయితే ఆ చుట్టుపక్కలే. ఎయిర్‌పోర్టు పనైతే శంషాబాద్. ఇది అందరికీ తెలిసిన మాటే అనిపిస్తుంది. కానీ హైటెక్ సిటీలో ఉద్యోగం పెట్టుకుని, కిరాయి తక్కువని ఘట్‌కేసర్ వచ్చి, ఏడాది తిరక్కుండా వెళ్లిపోయినవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు.

కాగితం మీద లెక్క వేయండి. బైక్ మీద రోజుకు రానుపోను 60 కిలోమీటర్లు అనుకుందాం. నెలకు 24 రోజులు అంటే 1,440 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇస్తే 32 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున సుమారు 3,400. సిటీలో కంటే ఇక్కడ కిరాయి 5,000 తగ్గిందని సంతోషపడితే, చేతిలో మిగిలేది 1,600. టైర్లు, సర్వీసింగ్, నడుం నొప్పి అందులో లేవు. అదే ఉప్పల్ దాకా వెళ్లి మెట్రో ఎక్కే పనైతే లెక్క మారిపోతుంది. ఇంట్లో ఆడవాళ్లు ఉద్యోగం చేస్తుంటే ఇంకా మారుతుంది. 2023 డిసెంబర్ నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు ఛార్జీ లేదు కాబట్టి, బస్టాప్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు దొరికితే ఐదు వందలు ఎక్కువైనా తీసుకోవచ్చు.

ఎంఎంటీఎస్‌ను, అంటే సిటీ లోకల్ రైలును నమ్ముకునేవాళ్లకు ఒక మాట. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కు 2023లో, లింగంపల్లి నుంచి ఘట్‌కేసర్‌కు 2024 మార్చిలో రైళ్లు మొదలయ్యాయి. కిరాయి ఇంటి ప్రకటనల్లో 'రైల్వే స్టేషన్‌కు ఐదు నిమిషాలు' అని రాస్తారు. స్టేషన్ ఉండటం వేరు, మీకు కావాల్సిన టైముకు బండి ఉండటం వేరు. ఉదయం వెళ్లేది ఎన్నింటికి, సాయంత్రం ఆఖరి బండి ఎన్నింటికి, ఆదివారం ఉందా లేదా అన్నవి టైంటేబుల్‌లో చూశాకే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

అన్నిటికంటే మంచి పరీక్ష ఒకటుంది. ఇల్లు ఫైనల్ చేయకముందే ఒక సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆ కాలనీ నుంచి మీ ఆఫీసుకు నిజంగా వెళ్లి చూడండి. ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వరంగల్ హైవే ఖాళీగా, హాయిగా ఉంటుంది. సోమవారం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఎలా ఉంటుందో అక్కడ నిలబడితే తప్ప తెలియదు.

ఎప్పుడు వెతకాలి, ఎలా వెతకాలి

ఏప్రిల్ నుంచి జూన్ దాకా పిల్లల స్కూళ్లు మారే కాలం. ఇళ్లు ఎక్కువ ఖాళీ అవుతాయి, అడిగేవాళ్లూ ఎక్కువే. ఆషాఢం వస్తే చాలామంది ఇల్లు మారరు. పుష్యమాసంలోనూ అంతే. ఆ పట్టింపు మీకు లేకపోతే ఆ నెలల్లో బేరం మీ వైపు ఉంటుంది, నెల నుంచి ఖాళీగా ఉన్న ఇంటికి ఓనరు వెయ్యి తగ్గించడానికి పెద్దగా ఆలోచించరు. పట్టింపు ఉన్నవాళ్లు కూడా ఆషాఢం రాకముందే మంచిరోజు చూసుకుని పాలు పొంగించి, సామాను తర్వాత మెల్లగా చేరుస్తుంటారు. నేను మాత్రం నీళ్ల కోసమే వేసవిలో వెతకమంటాను. ఏప్రిల్‌లో నీళ్లున్న ఇంట్లో పన్నెండు నెలలూ నీళ్లుంటాయి.

శివారులో మంచి ఇళ్లు సగం ఆన్‌లైన్‌కు రావు. గేటుకు ఒక టు-లెట్ అట్ట కట్టి వదిలేస్తారు. కాబట్టి కాలనీ ఎంచుకున్నాక రెండు సాయంత్రాలు గల్లీ గల్లీ నడవండి. కిరాణా కొట్టులో ఏదైనా కొని అడగండి. ఇస్త్రీ బండి ఆయన్ని తప్పకుండా అడగండి. ఏ ఇంట్లో ఎవరు ఖాళీ చేస్తున్నారో, ఏ ఓనరు నోరు మంచిదో, ఏ ఇంట్లో ఆరు నెలలకోసారి కిరాయిదారు మారుతున్నారో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మేం ఇప్పుడున్న ఇల్లు ఆయన చెప్పిందే. "రెండో గల్లీలో మేడమీద పోర్షన్ ఖాళీ అయితుంది సార్, నీళ్లకు ఢోకా లేదు" అన్నాడు. ఇంటి గురించి అడిగితే ముందు నీళ్ల మాట చెప్పాడు చూశారా!

బ్రోకరు ద్వారా వెళ్తే కమీషన్ సగం నెల కిరాయా, నెల కిరాయా అన్నది ఇల్లు చూడకముందే తేల్చుకోండి. అగ్రిమెంట్ అయ్యాకే ఇస్తామని చెప్పండి.

ఆన్‌లైన్‌లో చూసేవాళ్లు ఒక మోసం గురించి తెలుసుకోవాలి. ఫొటోల్లో ఇల్లు చాలా బాగుంటుంది, కిరాయి చుట్టుపక్కల రేటు కంటే బాగా తక్కువ ఉంటుంది. ఫోన్ చేస్తే తాను మిలిటరీలో పనిచేస్తానని, వేరే రాష్ట్రానికి బదిలీ అయిందని, ఇల్లు చూడాలంటే గేటు పాసుకు కొంత డబ్బు పంపాలని చెబుతాడు. లేదా ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేస్తే డబ్బు మీకే తిరిగి వస్తుందంటాడు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మన ఖాతా నుంచి పోతుంది తప్ప ఎప్పుడూ రాదు. ఇంట్లో కాలు పెట్టకుండా, ఓనరు ముఖం చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపకండి. పొరపాటున పంపితే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

నీళ్లు

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. శివారులో నీళ్లు మూడు దారుల్లో వస్తాయి: నల్లా, బోరు, ట్యాంకరు. ఏ ఇంట్లో ఏది ఎంత అన్నది ఓనరు చెప్పే ఒక్క మాటతో తేలదు. "నీళ్లకు ప్రాబ్లం లేదండీ" అని అందరూ అంటారు. మీరు విడివిడిగా అడగాలి.

నల్లా ఉందా? ఉంటే ఎన్ని రోజులకోసారి, ఎన్నింటికి, ఎంతసేపు వస్తాయి? అది సంపులోకి వెళ్తుందా, కిందే పట్టుకోవాలా? బోరు ఎన్ని అడుగులు, గత వేసవిలో ఎండిందా? మోటరు రోజుకు ఎన్నిసార్లు వేస్తారు, ఎవరు వేస్తారు? ఓనరు ఊరెళ్తే ఎవరు వేస్తారు? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. మా రెండో శివారు ఇంట్లో మోటరు స్విచ్ ఓనరు వాటాలో, తాళం లోపల ఉండేది. వాళ్లు పెళ్లికి ఊరెళ్లి మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులు ఎదురింటి నుంచి బిందెలతో మోశాం. మా అమ్మకు అప్పటికే మోకాళ్ల నొప్పులు.

ట్యాంకరు తెప్పిస్తే ఖర్చు ఎవరిది? ఇది అగ్రిమెంట్‌లో రాయించాల్సిన మాట. అపార్ట్‌మెంట్‌లో అయితే మెయింటెనెన్స్‌లోనే కలిసి ఉంటుందా, వేసవిలో ఫ్లాటుకింత అని విడిగా వసూలు చేస్తారా? వాచ్‌మన్‌ను అడగండి. 2024 వేసవిలో ట్యాంకర్లు వచ్చాయా అని సంవత్సరం పేరు పెట్టి అడగండి. ఆ ఏడాది సిటీ అంతా ట్యాంకర్ల వెంట పరుగెత్తింది కాబట్టి ఎవరూ మర్చిపోయి ఉండరు. 'వేసవిలో ఎలా ఉంటుంది' అంటే 'బానే ఉంటుంది' అంటారు. సంవత్సరం చెప్పి అడిగితే గుర్తు తెచ్చుకుని చెబుతారు.

నీళ్లు ఎంత అన్నది అయ్యాక, ఎలాంటివి అన్నది చూడాలి. బాత్రూంలో నల్లా మూతిని వేలితో తడిమి చూడండి. తెల్లగా, గరుకుగా పేరుకుని ఉంటే ఉప్పునీళ్లు. షవర్ రంధ్రాలు సగం మూసుకుపోయి ఉన్నా, బకెట్ లోపల తెల్ల చార ఉన్నా అదే. చేతులకు సబ్బు రాసుకుని కడుక్కోండి, నురగ రాకుండా జిడ్డుగా ఉంటే గీజరు తొందరగా పాడవుతుంది, బట్టలు వెలిసిపోతాయి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలు ఎంతో చూసే చిన్న పెన్ను లాంటి మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది, కొని జేబులో వేసుకోండి. తాగునీటికి భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 2,000 దాకా అంటారు. మా పాత ఇంట్లో బోరు నీళ్లు 1,300 చూపించేది. తాగడానికి క్యాన్లు, వంటకు ఫిల్టరు, తలస్నానానికి నల్లా నీళ్లు విడిగా దాచుకోవడం, ఇవన్నీ కలిపి నెలకు ఎంతవుతుందో చూసుకున్నాకే మాకు కిరాయి తక్కువ ఎందుకో అర్థమైంది.

ఇవన్నీ పక్కింటివాళ్లను కూడా ఒకసారి అడగండి. ఓనరు పక్కన లేనప్పుడు. "అమ్మా, మేం ఇక్కడ కిరాయికి వద్దామనుకుంటున్నాం, నీళ్లు ఎట్లా ఉంటాయి?" అంటే ఏ ఆంటీ అయినా కుర్చీ వేసి మరీ చెబుతుంది.

కరెంటు మీటరు

ఇల్లు చూస్తున్నప్పుడు మీటరు బోర్డు దగ్గరికి వెళ్లి, మీ పోర్షన్‌కు విడి మీటరు ఉందా, లేక ఓనరు మీటరు కిందే పెట్టిన సబ్ మీటరా అని అడగండి. చాలామంది 'ఎంత వాడితే అంతే కదా, ఏదైతేనేం' అనుకుంటారు. కాదు, కరెంటు రేటు వాడకం పెరిగేకొద్దీ యూనిట్‌కు పెరుగుతుంది. 2022 నుంచి అమల్లో ఉన్న రేట్లతో ఒక లెక్క చూడండి.

ఓనరు కుటుంబం నెలకు 180 యూనిట్లు, మీరు 180 యూనిట్లు వాడారు. విడి మీటర్లుంటే ఒక్కొక్కరికి మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున 340, మిగతా 80కి 4.80 చొప్పున 384, మొత్తం 724 రూపాయలు. ఒకే మీటరు మీద ఇద్దరూ ఉంటే 360 యూనిట్లు. అప్పుడు మొదటి 200కి 5.10 చొప్పున 1,020, తర్వాతి 100కి 7.70 చొప్పున 770, మిగిలిన 60కి 9 చొప్పున 540. మొత్తం 2,330, సగం పంచుకుంటే మీ వాటా 1,165. ఒక్క యూనిట్ ఎక్కువ వాడకుండానే నెలకు 441 రూపాయలు అదనం. ఫిక్స్‌డ్ చార్జీలు, ఇతర పద్దులు దీనికి బయట. వేసవిలో కూలరో ఏసీనో వేస్తే తేడా ఇంకా పెరుగుతుంది. పైగా కొందరు ఓనర్లు సబ్ మీటరుకు యూనిట్ 10 రూపాయలని ఒక రేటు పెట్టేస్తారు.

తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు ఇది ఇంకా ముఖ్యం. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. కిరాయికి ఉండేవాళ్లకు కూడా వర్తిస్తుంది. కానీ మీ కార్డుకు ఆ ఇంటి మీటరు నంబరు జత కావాలి. మీటరు ఓనరుతో కలిసి ఉంటే ఆ లాభం మీ చేతికి రాదు. ఇల్లు మారినప్పుడు కొత్త మీటరు నంబరు నమోదు చేయించుకోవడం మర్చిపోవద్దు.

విడి మీటరే ఉంటే పాత బిల్లు ఒకటి అడిగి దాని మీద ఉన్న సర్వీస్ నంబరు రాసుకోండి. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే బకాయి ఎంతుందో, మీటరు ఎవరి పేరు మీద ఉందో కనిపిస్తుంది. ఓనరునని చెప్పిన మనిషి పేరూ మీటరు మీద పేరూ వేరుగా ఉంటే మొహమాటపడకుండా అడగండి. తండ్రి పేరు మీద ఉండటం మామూలే. సంబంధం లేని పేరుంటే ఇంటి పన్ను రసీదు చూపించమనండి.

వానొస్తే

గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు చూస్తుంటే 2020 అక్టోబర్ గురించి అడగండి. ఆ నెల 13, 14 తేదీల్లో పడిన వానకు సిటీ చుట్టూ చెరువుల కింద ఉన్న కాలనీలెన్నో మునిగాయి. అప్పుడు నీళ్లొచ్చిన గల్లీలో మళ్లీ పెద్ద వాన పడితే మళ్లీ వస్తాయి. కాంపౌండ్ గోడ మీద, సెల్లారు మెట్ల దగ్గర, గేటు కింద తుప్పు మీద నీళ్లు నిలిచిన చార ఉంటుంది, వంగి చూడండి. రోడ్డు కంటే ఇంటి గుమ్మం కిందికి ఉంటే, పక్కన నాలా ఉంటే, ఆ ఇల్లు ఎంత చవకైనా వదిలేయమంటాను. ఫోన్‌లో మ్యాపు తీసి దగ్గర్లో చెరువు ఎటుందో చూసుకోవడానికి ఒక నిమిషం చాలు.

కొత్తగా రంగులు వేసిన ఇంట్లో బాత్రూం గోడకు అవతలివైపు, కిటికీల కింద, సీలింగ్ మూలల్లో అరచేయి ఆనించి చూడండి. చల్లగా, మెత్తగా తగిలితే చెమ్మ. పెంట్‌హౌస్ అయితే మధ్యాహ్నం రెండింటికి వెళ్లి పది నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చోండి. ఫోన్ సిగ్నల్ లోపలి బెడ్‌రూంలో చూడండి, బాల్కనీలో కాదు. చీకటి పడ్డాక ఒకసారి వచ్చి మెయిన్ రోడ్డు నుంచి ఇంటిదాకా నడవండి. వీధిలైట్లు వెలుగుతున్నాయా, కుక్కలెన్ని ఉన్నాయి, పిల్ల ట్యూషన్ నుంచి ఒంటరిగా రాగలదా అన్నవి పగలు తెలియవు.

ఓనరుతో మాట

ఇల్లు నచ్చాక మాట్లాడేది ఇంటి గురించి మాత్రమే అనుకోకండి. మీరు వాళ్లను చూస్తున్నట్టే వాళ్లూ మిమ్మల్ని చూస్తుంటారు. ఎంతమంది ఉంటారు, ఎక్కడ పని, నాన్‌వెజ్ తింటారా, చుట్టాలు ఎక్కువ వస్తారా, ఇవన్నీ అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇద్దరమేనని చెప్పి దిగి, నెలకే అమ్మానాన్నలను తీసుకొస్తే నీళ్ల దగ్గర గొడవ మొదలవుతుంది. మీరూ అడగండి: గేటు ఎన్నింటికి వేస్తారు, బైకు ఎక్కడ పెట్టుకోవాలి, కారుకు చోటుందా, మేడమీద బట్టలు ఆరేసుకోవచ్చా, పైకి వెళ్లే మెట్ల తాళం మాకూ ఇస్తారా.

ఒక్క ప్రశ్న మాత్రం వేరు. మాటల మధ్యలో "మీరేమిటోళ్లు?" అంటారు. సూటిగా అడగలేనివాళ్లు ఇంటిపేరు అడిగి, సొంతూరు అడిగి, అక్కడ ఎవరి తాలూకు అని చుట్టూ తిరిగి అక్కడికే వస్తారు. ముస్లిం కుటుంబాలకైతే అడగడం కూడా ఉండదు, పేరు వినగానే "ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామండీ" అంటారు. మా పక్క సీట్లో పనిచేసే అమ్మాయి ఒకే వారంలో నాలుగిళ్ల దగ్గర ఈ మాట విని, లంచ్ టైంలో డబ్బా తెరవకుండా కూర్చుంది. ఇది తప్పు, ఎంతమంది చేసినా తప్పే. దీనికి మీరు జవాబు చెప్పాల్సిన పనిలేదు. "కిరాయి నెల ఒకటో తారీకున ఇస్తాం, ఇల్లు శుభ్రంగా ఉంచుతాం, అంతకంటే ఏం కావాలి అంకుల్?" అని నవ్వుతూ అని ఆగండి. కొందరు అక్కడితో వదిలేస్తారు. వదలకపోతే ఆ ఇల్లు మీరే వదిలేయండి. అబద్ధం చెప్పి దిగమని మాత్రం నేను చెప్పను. పండక్కి ఏం వండామో, ఎవరు వచ్చారో దాచుకుంటూ బతకాల్సిన ఇంట్లో ఊపిరాడదు. మీరు ఓనర్లయితే, మీ ఇంటికి వచ్చినవాళ్లను ఆ మాట అడగకండి.

పెళ్లికాని కుర్రాళ్లకు, ఒంటరిగా ఉండే ఆడపిల్లలకు కూడా శివారులో ఇల్లు దొరకడం కష్టమే. ఇంజనీరింగ్ కాలేజీలున్న వైపు, ఫ్యాక్టరీలున్న వైపు బ్యాచిలర్లకు ఇవ్వడం అలవాటైన ఓనర్లుంటారు, అక్కడ వెతకండి.

అడ్వాన్సు, అగ్రిమెంట్

మన దగ్గర రెండు నెలల కిరాయి అడ్వాన్సు వాడుక. కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టం కూడా ఇళ్లకు రెండు నెలలకు మించొద్దనే అంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం అమలు చేసుకుంటే తప్ప మన మీద వర్తించదు. అయినా మూడు, నాలుగు నెలలు అడిగితే చెప్పడానికి ఆ మాట పనికొస్తుంది.

ఇల్లు ఆపి ఉంచమని ఇచ్చే టోకెన్ చిన్న మొత్తంలో, యూపీఐలో ఇవ్వండి. పంపేటప్పుడు కింద 'ఫలానా ఇంటికి అడ్వాన్సులో భాగం' అని రాయండి. నగదు ఇస్తే రసీదు తీసుకోండి.

అగ్రిమెంట్ పదకొండు నెలలకు రాస్తారు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ ఖర్చు పడుతుందన్న లెక్కతో వచ్చిన వాడుక ఇది.  కానీ స్టాంపు పేపర్లమ్మే షాపులో రెడీగా ఉండే నమూనా తీసుకుని పేర్లు మార్చి సంతకం పెట్టకండి. అందులో ఉన్నదంతా ఓనరు వైపు నుంచే ఉంటుంది. ఈ మాటలు రాయించండి: కిరాయి ఎంత, మెయింటెనెన్స్ విడిగానా కలిపా, ఏడాది తర్వాత ఎంత పెంచుతారు, శాతంలోనో రూపాయల్లోనో ఒక అంకె, ఖాళీ చేయాలంటే ఇద్దరిలో ఎవరైనా ఎన్ని నెలల ముందు చెప్పాలి, ట్యాంకరు ఖర్చు, మోటరు రిపేరు ఎవరివి, ఖాళీ చేశాక అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారు.

ఈ చివరి రెండు రాయించకపోవడం వల్ల మేం నష్టపోయాం. మొదటి శివారు ఇంట్లో 24,000 అడ్వాన్సు ఇచ్చాం. మూడేళ్లున్నాం, ఒక్క నెల కిరాయి ఆలస్యం కాలేదు. ఖాళీ చేసిన రోజు ఓనరు ఒక చిన్న కాగితం తీసి లెక్క చదివారు. పెయింటింగ్ 12,000, బాత్రూం తలుపు 2,000, వంటింటి టైలు 1,000. ఆ తలుపు మేం దిగేనాటికే కింద ఉబ్బి ఉంది, టైలు పగిలే ఉంది. అన్నాం. "రుజువేదమ్మా?" అని మా ఆవిడను అడిగారు. మా దగ్గర ఏమీ లేదు. 9,000 తీసుకుని, సామాను ఎక్కించిన ట్రాలీ ఆటో కింద హారన్ కొడుతుంటే దిగి వచ్చేశాం. పోయిన డబ్బు కంటే, రుజువేదన్న ఆ మాట మా ఆవిడను చాలా రోజులు బాధపెట్టింది.

ఓనరు ఆధార్ కాపీ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. ఏడాది కిరాయి లక్ష దాటుతుంటే, ఆఫీసులో కిరాయి మీద పన్ను మినహాయింపుకు, అంటే హెచ్‌ఆర్‌ఏ కోసం ఓనరు పాన్ నంబరు కావాలి. దిగకముందే అడగండి. దిగాక అడిగితే చాలామంది ఇవ్వరు.

దిగే రోజు, దిగిన వారం

సామాను రాకముందు ఖాళీ ఇంటిని వీడియో తీయండి. వీధి గేటు దగ్గర మొదలుపెట్టి ప్రతి గది, ప్రతి తలుపు, నల్లాలు తిప్పి, స్విచ్‌లు వేసి, టాయిలెట్ ఫ్లష్ చేసి. పగిలిన టైలు, ఉబ్బిన తలుపు, మేకు రంధ్రాలు దగ్గరగా చూపించండి. మీటరు రీడింగు ఫొటో తీయండి. అన్నీ అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపి, "అంకుల్, ఇవి దిగేటప్పటికే ఉన్నవి, మీ దృష్టిలో ఉండాలని పంపుతున్నాను" అని మర్యాదగా ఒక్క వాక్యం రాయండి. అది ఎప్పటికీ అక్కడే ఉంటుంది. ఇప్పుడున్న ఇంట్లో మేం అలా పంపితే, ఓనరు ఏమీ అనుకోకపోగా వంటింటి సింకు కింద కారుతున్న పైపు మర్నాడే బాగుచేయించారు.

మెయిన్ డోరు తాళం మార్చుకోండి. పాత కిరాయిదారు దగ్గర ఎన్ని తాళంచెవులున్నాయో ఎవరికి తెలుసు. మొదటి వారంలో గ్యాస్ కనెక్షన్ కొత్త చిరునామాకు మార్పించుకోండి, దానికి అగ్రిమెంట్ కాపీ పనికొస్తుంది. ఓటు మార్చుకోవడానికి ఫారం 8. ఇది అందరూ తర్వాత చేద్దామని వదిలేస్తారు, ఎన్నికల ముందు రోజు పాత కాలనీకి పరుగెత్తుతారు.

ఖాళీ చేసేటప్పుడు

అగ్రిమెంట్‌లో ఎన్ని నెలలంటే అన్ని నెలల ముందు చెప్పండి. నోటితో చెప్పి ఊరుకోకుండా వాట్సాప్‌లో తేదీతో రాయండి. ఏమీ రాసుకోని నెలవారీ కిరాయికైతే చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు, అది ఓనరుకూ వర్తిస్తుంది. అంటే కాగితం లేకపోతే వాళ్లు కూడా పదిహేను రోజుల్లో వెళ్లమని నోటీసు ఇవ్వొచ్చు. అందుకే పదకొండు నెలలు కాగానే అగ్రిమెంట్ మళ్లీ రాసుకోవడం బద్ధకించకండి.

ఆఖరి రెండు నెలల కిరాయి కట్టకుండా అడ్వాన్సులో సరిపెట్టుకోమనడం చాలామంది చేస్తారు. ఓనరు ముందే ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకుండా చేస్తే గొడవ మీ వైపు నుంచి మొదలైనట్టవుతుంది. దానికి బదులు, వెళ్లే వారం ముందు ఓనరును ఇంట్లోకి పిలిచి, దిగిన రోజు వీడియో పక్కన పెట్టుకుని ఇద్దరూ కలిసి గదులన్నీ చూడండి. ఏదైనా మీవల్ల పాడైతే మీరే ఒప్పుకుని బాగుచేయించండి. ఓనరు పిలిపించే మేస్త్రీ కంటే తక్కువలో అవుతుంది. లెక్క తేలాక దాన్ని మెసేజ్‌లో రాసి, వాళ్ల చేత సరేననిపించుకోండి. ఆఖరి కరెంటు బిల్లు ఇంకా రాకపోతే రీడింగు ప్రకారం లెక్కగట్టి ఇచ్చేయండి.

అడ్వాన్సు ఇవ్వకుండా నెలలు తిప్పితే, అగ్రిమెంట్, చెల్లింపుల రుజువులు, మెసేజ్‌లు పట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. కేసు వేయకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే లోక్ అదాలత్ పద్ధతి ఉంది, కోర్టు ఫీజు ఉండదు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 15100కు ఫోన్ చేస్తే చెబుతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు లాయరును కూడా ఉచితంగానే ఇస్తారు. మాకు ఆ 15,000 పోయినప్పుడు ఈ నంబరు తెలియదు.